కార్డు స్టేట్‌మెంట్‌లో ఆ ఒక్క లైను అర్థమయ్యేలా రాయండి: రిజర్వు బ్యాంకుకు, కార్డు బ్యాంకులకు, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు బహిరంగ లేఖ

రిజర్వు బ్యాంకు చెల్లింపుల విభాగం అధికారులకు, కార్డులిచ్చే బ్యాంకుల యాజమాన్యాలకు, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే ప్రతినిధులకు, మన దేశంలో నెలనెలా చందాలు వసూలు చేసే సాఫ్ట్‌వేర్, క్లౌడ్ (సర్వర్లు, సాఫ్ట్‌వేర్ ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే) కంపెనీలకు,

నమస్కారం.

చిన్న ఆఫీసులకు, దుకాణాలకు లెక్కలు చూసేవాళ్లం మేం. కార్డు బిల్లులో ఒక్కో లైనూ సరిచూడడం మా రోజువారీ పని. తెలియని సాఫ్ట్‌వేర్ వసూళ్ల గురించి కస్టమర్ కేర్‌కు ఫోన్లు చేశాం, బ్రాంచీల్లో అర్జీలిచ్చాం, ఫిర్యాదులు చూసే నోడల్ అధికారులకు మెయిళ్లు పెట్టాం. వచ్చే జవాబు ఒకటే: "మర్చంట్‌ను అడగండి." ఆ మర్చంట్, అంటే అమ్మకందారు, ఎవరో తెలియకే బ్యాంకును అడిగాం. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాం.

ఒక లైను ఎలా ఉంటుందో చూడండి. ఎడమ పక్క తేదీ. ఆ పక్కన పెద్ద ఇంగ్లిష్ అక్షరాల్లో ఎఫ్, ఎస్, ఒక నక్షత్రం గుర్తు, మధ్యలో తెగిపోయిన ఏదో పేరు, ఓ ఊరు, చివర రెండక్షరాల దేశం గుర్తు. కుడి పక్క 23.60 డాలర్లు, అంటే రూ. 2,006. దాని కింద రూ. 70.21 అని ఇంకో లైను, ఆ కింద రూ. 12.64 అని మరొకటి. ఇంట్లో ఎవరికీ 23.60 డాలర్లకు ఏదైనా కొన్న గుర్తు లేదు. ఆ ఊరి పేరు ఎన్నడూ విన్నది కాదు. మొత్తం రూ. 2,088.85 పోయింది, ఎందుకు పోయిందో ఆ కాగితం చెప్పదు.

ఇది ఎందుకిలా ఉంటుందో, దానివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో వరసగా రాస్తున్నాం.

1. పేరు గురించి. కార్డు లావాదేవీ సందేశానికి మూలం 1987లో వచ్చిన ఐఎస్‌ఓ 8583 ప్రమాణం. అందులో అమ్మినవారి పేరు, ఊరు, దేశం అన్నీ కలిపి 40 అక్షరాల గడిలో ఇమడాలి. పేరుకు దక్కేది 22 నుంచి 25 అక్షరాలే. కౌంటరు మీద కార్డు గీకే దుకాణానికి అది సరిపోయింది, ఎందుకంటే కొన్నవాడికి ఆ దుకాణం తెలుసు. క్లౌడ్ సాఫ్ట్‌వేర్ సంగతి అలా కాదు. తయారు చేసేది ఒకరు, కాగితాల మీద అమ్మేది వేరొకరు. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు దేశదేశాల పన్నుల బాధ తప్పించుకోవడానికి పాడిల్, ఫాస్ట్‌స్ప్రింగ్, 2చెకౌట్ లాంటి మధ్య సంస్థల ద్వారా అమ్ముతాయి. స్టేట్‌మెంట్‌లో ముందు ఆ మధ్య సంస్థ పేరో, దాని పొడి అక్షరాలో పడతాయి, తర్వాత నక్షత్రం, ఆ తర్వాత సరుకు పేరు. మనిషికి కావలసింది నక్షత్రం తర్వాత ఉన్న పేరు. గడి చాలక తెగిపోయేదీ అదే.

ఇక ఆ ఊరు. అక్కడెవరో దొంగ మన కార్డు వాడాడనుకుని జనం బెదిరిపోతారు. అది కంపెనీ రిజిస్టరైన చోటు మాత్రమే, ఒక్కోసారి ఊరి గడిలో ఫోన్ నంబరో వెబ్ చిరునామానో కూడా ఉంటుంది. యాపిల్ స్టోర్‌లో ఏ యాప్‌కు కట్టినా "యాపిల్.కామ్/బిల్" అన్న ఒకే పేరు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ పొడి అక్షరాల పక్కన నక్షత్రం, తర్వాత ఇంగ్లిష్ ఈ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటే అది సాధారణంగా వ్యాపార క్లౌడ్ సేవల ఇన్వాయిస్ నంబరు. ఇవన్నీ తెలిసినవాళ్లకు తెలుసు. పింఛను డబ్బుల్లోంచి బిల్లు కట్టే రిటైర్డ్ మాస్టారికి ఎవరు చెబుతారు?

దీని పర్యవసానం రూ. 2,088తో ఆగదు. అర్థం కాని పేరును ఇంటర్నెట్‌లో వెతికితే పైన తగిలేవాటిలో నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు ఉంటున్నాయి. ఫోన్ చేస్తే "డబ్బు వెనక్కి వేస్తాం, ఈ యాప్ వేసుకోండి" అంటారు. స్క్రీన్ చేతికిచ్చాక ఖాతా మొత్తం ఖాళీ. మోసగాడికి తలుపు తీసింది ఆ తెగిపోయిన పేరే.

2. మొత్తం గురించి. వెబ్‌సైట్‌లో 20 డాలర్లని ఉంటుంది. జీఎస్టీ నంబరు లేని వ్యక్తికి విదేశీ కంపెనీ ఆన్‌లైన్ సేవ అమ్మితే 18 శాతం పన్ను వేయాలి కాబట్టి అది 23.60 అవుతుంది. డాలరు రూ. 85 అనుకుంటే రూ. 2,006. దాని మీద బ్యాంకు విదేశీ మారక రుసుము, చాలా కార్డులకు 3.5 శాతం, రూ. 70.21. ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ, రూ. 12.64. రూ. 1,700 అనుకున్నది రూ. 2,088.85 అయింది. మెయిల్‌లో 1,700 కోసం వెతికితే దొరకదు, 2,088 కోసం వెతికినా దొరకదు. రసీదు మీద ఉండేది 23.60. ఈ చిన్న సంగతి తెలియక సొంత చందానే మోసమని ఫిర్యాదు చేసేవాళ్లు ఎందరో. రూపాయల్లోనే బిల్లు వేసినా, అమ్మకందారు విదేశంలో రిజిస్టరై ఉంటే కొన్ని బ్యాంకులు దాని మీదా రుసుము వేస్తున్నాయి. "రూపాయల్లో కట్టాను కదా" అన్న మనిషికి అది అసలు అంతుపట్టదు.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న వ్యాపారి తన నంబరును ఆ సాఫ్ట్‌వేర్ బిల్లింగ్ వివరాల్లో నమోదు చేస్తే విదేశీ కంపెనీ ఆ 18 శాతం వేయదు. రివర్స్ చార్జ్ (కొన్నవాడే పన్ను కట్టే పద్ధతి) కింద తానే కట్టి, అర్హత ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, తీసుకోవచ్చు. కొనే పేజీలో ఈ గడి ఎక్కడో అడుగున దాగి ఉంటుంది.

3. మ్యాండేట్ గురించి. మ్యాండేట్ అంటే నెలనెలా కార్డు మీద వసూలు చేసుకోమని మనం ముందే ఇచ్చే అనుమతి. దీని మీద 2019 ఆగస్టు 21న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ మంచిది. 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలైంది. మొదటిసారి ఓటీపీతో నమోదు చేయాలి. ప్రతి వసూలుకూ కనీసం 24 గంటల ముందు అమ్మకందారు పేరు, మొత్తం, తేదీ, రిఫరెన్స్ నంబరు, కారణం చెబుతూ సందేశం పంపాలి. వద్దంటే ఆ ఒక్క వసూలునో, మొత్తం మ్యాండేట్‌నో ఆపుకునే వీలుండాలి. మామూలు చందాలకు ఓటీపీ లేకుండా వసూలు చేసే పరిమితి 2022 జూన్ నుంచి రూ. 15,000.

అంటే అమ్మినవారి పేరు, కారణం, రిఫరెన్స్ నంబరు బ్యాంకు చేతిలో ముందే ఉన్నాయి. 24 గంటల ముందు మెసేజ్‌లో కనిపించిన ఆ నంబరు, నెలాఖరున వచ్చే స్టేట్‌మెంట్‌లో చాలా బ్యాంకులు వేయవు. ఆ మెసేజ్‌కూ ఈ లైనుకూ ముడి వేసుకోవడానికి మనిషి దగ్గర ఏ ఆధారమూ మిగలదు. ఈ లేఖలో మా బాధ అంతా ఇక్కడే ఉంది. లేని సమాచారం సృష్టించమని అడగడం లేదు, ఉన్నదాన్ని కాగితం మీద వేయమంటున్నాం.

అదే సర్క్యులర్‌లో ఇంకో మాట ఉంది: ముందస్తు సందేశం స్పష్టంగా, అర్థమయ్యే భాషలో ఉండాలని. నరసరావుపేటలోనో మహబూబాబాద్‌లోనో కిరాణా కొట్టు నడిపే ఆయనకు అర్థమయ్యే భాష తెలుగు. ఆయనకు వచ్చే మెసేజ్ మాత్రం ఇంగ్లిష్‌లో, అదీ పొడి అక్షరాల్లో.

విదేశీ కంపెనీ ఆ వసూలుకు "నెలనెలా వచ్చేది" అన్న గుర్తు పెట్టకుండా పంపితే బ్యాంకు వ్యవస్థకు అది మామూలు కొనుగోలులాగే కనిపిస్తుంది. ముందస్తు మెసేజ్ రాదు. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగకుండానే చెల్లింపు జరిగిపోతుంది కాబట్టి అడ్డుకునేది ఏదీ ఉండదు. అలాంటివాటికి బ్యాంకు యాప్‌లోని మ్యాండేట్ల జాబితాలో వెతికినా ఏమీ దొరకదు.

4. క్లౌడ్ అద్దెల గురించి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తున్నాం, దెబ్బ తినేది ఎక్కువగా పిల్లలు కాబట్టి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో, విజయవాడ, విశాఖ శిక్షణ కేంద్రాల్లో ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్ సేవ), డెవాప్స్ (సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ల మీద నడిపే పని) నేర్చుకునే కుర్రాళ్లు ప్రాక్టీసు కోసం ఏడబ్ల్యూఎస్‌లో ఖాతా తెరుస్తారు. కార్డు నాన్నది. ఖాతా తెరిచేటప్పుడు పరీక్షగా రూ. 2 పట్టి వెనక్కి వేస్తారు, దాంతో ఉచితమేనన్న ధీమా వస్తుంది. కోర్సు అయిపోతుంది, ఖాతా మర్చిపోతారు. కొన్నాళ్లకు నాన్న స్టేట్‌మెంట్‌లో తలా తోకా లేని మొత్తాలు మొదలవుతాయి.

ఎక్కడ తప్పుతోందంటే, ఆపడం వేరు, తీసేయడం వేరు. ఏడబ్ల్యూఎస్ అద్దెకిచ్చే ఈసీ2 సర్వర్‌ను "స్టాప్" చేస్తే దాని గంటల అద్దె ఆగుతుంది గానీ, దానికి తగిలించిన డిస్కు అద్దె నడుస్తూనే ఉంటుంది. డిజిటల్‌ఓషన్ అనే ఇంకో క్లౌడ్ కంపెనీలో డ్రాప్లెట్‌ను (వాళ్ల అద్దె సర్వర్ పేరు) పవర్ ఆఫ్ చేసినా పూర్తి అద్దె పడుతుంది, "డిస్ట్రాయ్" చేస్తేనే ఆగుతుంది. పబ్లిక్ ఐపీవీ4 చిరునామాకు (ఇంటర్నెట్‌లో సర్వర్‌కు ఉండే నంబరు) ఏడబ్ల్యూఎస్ 2024 ఫిబ్రవరి 1 నుంచి గంటకు 0.005 డాలరు వేస్తోంది. నెలకు 730 గంటలు లెక్కేస్తే 3.65 డాలర్లు. నాట్ గేట్‌వే (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కు వెళ్లే దారి) అని ప్రాక్టీసులో ఒకటి పెట్టిస్తారు. వర్జీనియా రీజియన్‌లో (రీజియన్ అంటే సర్వర్లు ఉండే ప్రాంతం) గంటకు 0.045 డాలరు, అంటే వాడినా వాడకపోయినా నెలకు 32.85 డాలర్లు. దీనికి తోడు రీజియన్ల గందరగోళం. పాఠం వర్జీనియా రీజియన్‌లో చెబుతారు, కుర్రాడు తర్వాత ముంబయినో హైదరాబాద్‌నో తెరిచి చూస్తాడు, అక్కడ ఏమీ కనబడదు. అన్నీ తీసేశాననుకుంటాడు. బిల్లింగ్ పేజీలో రీజియన్ల వారీగా ఖర్చు తెరిస్తే తప్ప అది బయటపడదు.

పైగా ఈ వసూలు వాడాక వచ్చేది. ఆగస్టులో నడిచినదానికి సెప్టెంబర్ మొదట్లో కార్డు మీద పడుతుంది. ఆగస్టు 31న అన్నీ తీసేసినవాడికి సెప్టెంబర్‌లో పడిన డబ్బు మోసంలా కనిపిస్తుంది. ఏడబ్ల్యూఎస్‌లో బడ్జెట్ పెట్టుకునే వీలుంది గానీ, అది హెచ్చరిక మెయిల్ పంపుతుందే తప్ప తనంతట తాను ఖర్చును ఆపదు. ఆపగలిగే ఏర్పాటు చేయలేనిదేం కాదు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్‌లో ఉచిత ఖాతాకు ఖర్చు పరిమితి ఉంది, విద్యార్థి ఖాతాకు కార్డే అడగరు. ఏడబ్ల్యూఎస్ కూడా 2025 జూలై 15 తర్వాత తెరిచే ఉచిత ప్లాన్ ఖాతాల్లో, మనమే పెయిడ్ ప్లాన్‌కు మారితే తప్ప వసూలు చేయని పద్ధతి తెచ్చింది. పాత ఖాతాల వాళ్లకే ఆ రక్షణ లేదు.

5. గడువుల గురించి. 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం బ్యాంకు తప్పు లేకుండా, ఖాతాదారు తప్పు లేకుండా మూడోవారి వల్ల అనధికార లావాదేవీ జరిగితే, బ్యాంకు నుంచి సందేశం అందిన 3 పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుకు నష్టం సున్నా. 4 నుంచి 7 పనిదినాల మధ్య చెబితే సేవింగ్స్ ఖాతాకు, రూ. 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు గరిష్ఠంగా రూ. 10,000 దాకా నష్టం అతనిదే. అంతకు పైబడిన కార్డుకు రూ. 25,000. ఏడు దాటితే ఆ బ్యాంకు విధానం ఎలా ఉంటే అలా.

ఈ గడియారం మెసేజ్ చేరిన మర్నాటి నుంచే నడుస్తుంది. మెసేజ్‌లో ఉన్నదేమో నక్షత్రాలూ పొడి అక్షరాలూ. స్టేట్‌మెంట్ చేతికొచ్చి, కూర్చుని చదివి, ఇంట్లో అందర్నీ అడిగి, ఎవరిదీ కాదని తేలేసరికి ఏడు పనిదినాలు ఎప్పుడో దాటిపోతాయి. అర్థం కాని మెసేజ్ పంపిన బ్యాంకుకు ఏ నష్టమూ లేదు, అర్థం చేసుకోలేకపోయిన మనిషికి మాత్రం ఉంది.

6. చిన్న మొత్తాలను తేలిగ్గా చూడకండి. దొంగిలించిన కార్డు నంబరు పనిచేస్తుందో లేదో చూడడానికి ముందు రూ. 10, రూ. 50 లాంటి చిన్న వసూలు చేసి చూస్తారు. కస్టమర్ కేర్ "ఇంత చిన్నదానికి ఎందుకు సార్" అని ఫోన్ పెట్టించేస్తే, తర్వాత పడేది పెద్ద దెబ్బ. డెబిట్ కార్డయితే ఇంకా కష్టం. తెలియని రూ. 2,000 పోయినందుకు నెలాఖరున బ్యాలెన్స్ చాలక ఈఎంఐ వెనక్కి తిరిగి, దాని మీద జరిమానా పడినవాళ్లు ఉన్నారు.

మీ ఫోన్ సిబ్బంది ఇవాళే చెప్పగలిగిన మాటలు కొన్ని ఉన్నాయి. వాళ్ల ముందు అతికించమని కోరుతూ ఇక్కడే రాస్తున్నాం.

ముందు విదేశీ కరెన్సీ అంకెతో, పైసలతో సహా, మెయిల్‌లో వెతకమనండి. ఇంట్లో అందరి మెయిళ్లు, స్పామ్ ఫోల్డరు, పాత ఆఫీసు మెయిల్ కూడా. ప్లే స్టోర్‌లో చెల్లింపులు, సబ్‌స్క్రిప్షన్ల పేజీ, ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో పేరు నొక్కితే వచ్చే సబ్‌స్క్రిప్షన్ల పేజీ చూడమనండి. యాప్ ఫోన్‌లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదని చెప్పండి. యాడ్-ఆన్ కార్డు (అదే ఖాతా మీద ఇంట్లోవాళ్లకిచ్చిన కార్డు) ఎవరి దగ్గర ఉందో, పని మానేసిన ఉద్యోగి ఎవరైనా ఆఫీసు కార్డు మీద ఖాతా తెరిచాడో గుర్తు చేయండి. ఆ మీదట బ్యాంకు తన వంతుగా నాలుగు ముక్కలు చెప్పాలి: అమ్మకందారు పూర్తి పేరు, నాలుగంకెల వ్యాపార కోడ్ (5734, 7372, 5817 అయితే సాఫ్ట్‌వేర్ లేదా డిజిటల్ సరుకు, 5968 అయితే చందా వ్యాపారం), 23 అంకెల ఏఆర్ఎన్ (ఆ లావాదేవీని గుర్తుపట్టే రిఫరెన్స్ నంబరు), ఇది మ్యాండేట్ మీద జరిగిందా, ఓటీపీతోనా, రెండూ లేకుండానా అన్నది. చార్జీ తమది కాదని అమ్మకందారు అంటే ఏఆర్ఎన్‌తో వెతికించవచ్చు. ఆ నంబరు అడిగితే ఇవ్వడానికి కూడా కాళ్లరిగేలా తిప్పుతున్నారు.

చందా సొంతదే అని తేలితే ముందు అమ్మకందారు దగ్గర రద్దు చేసి, రద్దు మెయిల్ దాచుకుని, ఆ తర్వాత బ్యాంకులో మ్యాండేట్ తీసేయాలి. మ్యాండేట్ ఒక్కటే తీసేస్తే వసూలు ఆగుతుంది గానీ చందా ఆగదు, క్లౌడ్ బిల్లు బాకీగా పేరుకుంటూ ఉంటుంది. రద్దు చేశాక కూడా వసూలు చేస్తే "రద్దు చేసిన చందా" కింద ఫిర్యాదు పెట్టాలి, "మోసం" కింద కాదు. తప్పు కారణం కింద పెడితే అమ్మకందారు పాత సమ్మతి చూపించి గెలుస్తాడు, ఒక్కోసారి ఖాతానే మూసేస్తాడు, అందులోని ఫైళ్లు పోతాయి. చందా ఎవరిదీ కాదని తేలితే వెంటనే కార్డు బ్లాక్ చేయాలి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి, బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు, సమాచారం కోసం 14448.

ఇక మా డిమాండ్లు.

1. స్టేట్‌మెంట్‌లో ప్రతి ఆన్‌లైన్ చందా లైను కింద రెండో లైను తప్పనిసరి చేయండి: అమ్మకందారు పూర్తి పేరు, సరుకు పేరు, మ్యాండేట్ రిఫరెన్స్ నంబరు, ఎక్కడ రద్దు చేయాలో. 40 అక్షరాల గడి పాతదే కావచ్చు, స్టేట్‌మెంట్ కాగితానికీ బ్యాంకు యాప్‌కూ ఆ హద్దు లేదు.

2. ముందస్తు సందేశం ఖాతాదారు ఎంచుకున్న భాషలో పంపండి. మీ సర్క్యులర్‌లోని "అర్థమయ్యే భాష" అన్న మాటకు తెలుగులోనూ విలువ ఉండాలి.

3. విదేశీ చెల్లింపు అయితే అసలు మొత్తం, మారకపు రేటు, రుసుము, పన్ను ఒకే చోట, ఒకే లైను కింద చూపండి.

4. మ్యాండేట్ రద్దు చేసే పేజీలో "దీంతో వసూలు మాత్రమే ఆగుతుంది, చందా ఆగదు" అని బటన్ పైనే రాయండి. రద్దైన సంగతి అమ్మకందారుకు అదే రోజు చేరాలి.

5. విదేశీ అమ్మకందారుల చెల్లింపులకు అదనపు ధృవీకరణ ఏర్పాటు 2026 అక్టోబర్ 1 నాటికి ఉండాలని రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబర్‌లో చెప్పింది. అది ఒకసారి జరిగే చెల్లింపులకే. ఒకే విదేశీ అమ్మకందారు నుంచి నెలనెలా వచ్చే వసూలును, గుర్తు పెట్టినా పెట్టకపోయినా, బ్యాంకు వ్యవస్థ చందాగా పట్టుకుని ఖాతాదారును అడగాలి.

6. అమ్మకందారు పూర్తి పేరు లేని మెసేజ్‌తో 3 పనిదినాల గడువు మొదలు కాకూడదు. పేరు తెలియజేసిన రోజు నుంచే లెక్క పెట్టాలి.

7. క్లౌడ్ కంపెనీలు ప్రతి వ్యక్తిగత ఖాతాకూ, పాతవాటికి కూడా, మొత్తం దాటితే నిజంగా ఆగిపోయే పరిమితి ఇవ్వాలి. "స్టాప్" నొక్కినప్పుడు ఇంకా ఏయే అద్దెలు నడుస్తాయో, నెలకు ఎంతో, ఆ తెరమీదే రూపాయల్లో చూపాలి. అన్ని రీజియన్లలో నడుస్తున్నవి ఒకే పేజీలో కనిపించాలి.

8. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ప్రకటించిన 13 మోసపు పద్ధతుల్లో "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్" (చందా రద్దు చేసుకోనీయకుండా ఇరికించడం), "సాస్ బిల్లింగ్" (సాఫ్ట్‌వేర్ చందాను తెలియకుండా వసూలు చేయడం) రెండూ ఉన్నాయి. ఉచిత ట్రయల్ చెప్పకుండా చార్జీలోకి మారడం అందులో ఉదాహరణగానే ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు వచ్చే ఇలాంటి ఫిర్యాదులను ఆ రెండు పేర్ల కింద విడిగా నమోదు చేసి, ఎన్ని వచ్చాయో, ఎన్నింటికి డబ్బు తిరిగి వచ్చిందో మూడు నెలలకోసారి ప్రకటించండి.

వీటిలో మొదటి నాలుగింటికి కొత్త చట్టం అక్కర్లేదు, బ్యాంకుల సొంత నిర్ణయం చాలు. ఈ లేఖ అందిన 30 రోజుల్లోపు ఒక్కో అంశానికీ చేస్తారో చేయరో, చేయకపోతే ఎందుకో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. వచ్చిన జవాబును ఏ బ్యాంకు ఏమన్నదో సహా తెలుగులోనే అందరికీ చూపిస్తాం.

ఇట్లు,
కార్డు బిల్లులు లైనులైనూ చదివే లెక్కల పనివాళ్లం,
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ